రేడియేటర్ మొర

నేను వరికోత మిషన్ రేడియేటర్ని. ఇంజిన్ పేరు అందరికీ తెలుసు, ట్యాంకులో పడే ధాన్యాన్ని అందరూ చూస్తారు. నేను గుర్తొచ్చేది నీళ్లు పొంగిన రోజే.

యాసంగి కోతలు ఏప్రిల్‌లో. నేరేడుచర్ల చుట్టూ సాగర్ ఎడమ కాల్వ కింద మళ్లన్నీ ఒక్కసారే కోతకొస్తాయి, మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం బండ్లు బారులు కడతాయి. ఎండ 42 డిగ్రీలు. ఆ గాలితోనే ఇంజిన్‌ను చల్లార్చాలి. అదేమంత కష్టం కాదు; నా గొట్టాల్లో నీళ్లు 90 డిగ్రీల దాకా కాగుతాయి, ఆ తేడా నాకు చాలు. మూత లోపలి స్ప్రింగు ఒత్తిడి నిలుపుతుంది కాబట్టి 100 దాటినా వెంటనే మరగవు. పొంగుతుంటే మూత తిప్పబోయేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఒత్తిడి పోగానే ఆవిరి మొహం మీదికే కొడుతుంది.

నాకు ఎండతో పేచీ లేదు, నుసితోనే. పొట్టు, తాలు, ఆకు తునకలు ఫ్యాను లాగే గాలితో వచ్చి నా రేకుల సందుల్లో ఇరుక్కుంటాయి. ముందున్న జల్లెడ ఆపినంత ఆపుతుంది.

ఒకనాడు వేడి చూపే మీటరు సూది ఎర్రగీత దగ్గరికి పోయింది. "గాలాడతలేదన్నా, ఈ డొప్ప తీసేద్దాం" అని డ్రైవరు కుర్రాడు ఫ్యాను చుట్టూ ఉన్న తొడుగు విప్పాడు. ఓనరు సరేనన్నాడు. ఫ్యాను ముందటిలాగే గిరగిరా తిరిగింది, సూది మాత్రం గీత దాటింది. దాటదా మరి? పక్కన తేలిక దారి దొరికాక గాలి నా ఇరుకు సందుల్లోంచి ఎందుకొస్తుంది!

సాయంత్రం వచ్చిన ముసలి మెకానిక్ డొప్ప మళ్లీ బిగించాడు, కింద చిరిగిన రబ్బరు పట్టీ మార్చాడు. కుర్రాడికి బొమ్మ విమానం సంగతి చెప్పాడు. దాని ఇంజిన్‌కు నీళ్లే ఉండవు, సిలిండరు రెక్కలకు తగిలే గాలే దిక్కు. ముక్కుకు తొడుగు వేస్తే గాలి వచ్చే బెజ్జం కన్నా పోయే బెజ్జం పెద్దగా కోస్తారట, వేడెక్కిన గాలికి ఎక్కువ చోటు కావాలి కాబట్టి. లోపల రేకు ముక్కలు అడ్డం పెట్టి గాలిని రెక్కల మీదుగానే నడిపిస్తారట. "ఉత్తగ తెరిస్తే సల్లబడదు తమ్మీ, గాలికి తొవ్వ జూపియ్యాలె" అన్నాడు. ఇంజిన్ల గురించి ఇంత సూటిగా మాట్లాడినవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

ఇప్పుడు బువ్వ వేళకు బండి ఆపి, కంప్రెసరు గాలిని ఇంజిన్ వైపు నుంచి బయటికి కొడుతున్నారు. బయటి నుంచి కొడితే నుసి ఇంకా లోపలికి దిగుతుంది. గొట్టం మరీ దగ్గర పెడితే నా రేకులు వంగిపోతాయి. నీళ్లతో కడగడం ఆ తర్వాతే. ముందే కడిగితే నుసి బురదై ఎండి బిగుసుకుంటుంది. ఇదంతా గట్టు మీద నిలబడ్డ రైతుకు పట్టదు. పడమటి దిక్కు చూస్తూ కేకేస్తున్నాడు: "మొగులైతాంది, జల్ది కానియ్యిండ్రి!"