జంట నావ, ఒంటి నావ (టీకా తాత్పర్య సహితము)

జంట నావ వడిగ సాగును కడలిపై
ముందువాఁడు లయకు మూలమగును
వెనుకవాఁడు దిశకు, వీరలలిగినచో
నొంటి నావ మేలు జంటకంటె

అవతారిక: అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తూ టూ షేరింగ్ గదిలో ఉంటున్న ఇద్దరు మిత్రులు, విశాఖ పోయి రుషికొండ నుంచి భీమిలి దాకా కయాక్ వేసుకుని తిరుగుదామనుకొని, ఇద్దరికీ ఒకటా చెరొకటా అని తగవుపడ్డ సందర్భమున చెప్పబడిన పద్యము.

టీక: జంట నావ = ఇద్దరు కూర్చొను కయాకు; వడిగన్ = వేగముగా; కడలిపైన్ = సముద్రముమీద (హుస్సేన్ సాగర్ మీద అని పంజాగుట్టవారి పాఠము); లయకున్ = తెడ్లు పడు తాళమునకు; దిశకున్ = చుక్కాని పనికి; అలిగినచోన్ = మాటలు మానుకొనినచో; ఒంటి నావ = ఒక్కఁడు కూర్చొను కయాకు; మేలు = ఉత్తమము.

తాత్పర్యము: స్నేహమున్నంతసేపు జంట పడవ, తరువాత చెరొకటి.

విశేషములు: పంజాగుట్టవారి పాఠాన్ని తోసిపుచ్చడం తేలిక కాదు. ఏటా సెయిలింగ్ వీక్ జరిగే నీటిని సాగరం కాదనడమెలా? అయినా రాత్రి గుడారం వేసుకునే ఇసుక ట్యాంక్‌బండ్‌పై లేదు గనుక, యాత్రకు ఆ పాఠం పనికిరాదు.

'వడిగ' అన్నమాట సార్థకం. పొడవైన పడవ నీటిని తేలిగ్గా కోస్తుంది. పైగా రెండు జతల చేతులకు నీటితో రాసుకునే అడుగుభాగం ఒక్కటే. ఒలింపిక్ పందేల్లో ఒంటి పడవ 5.2 మీటర్లు, జంటది 6.5. బలహీనుడు వెనకబడే ప్రశ్నే రాదు, బలవంతుడితో కట్టేశారు గదా. సామాను దగ్గర మాత్రం జంట పడవ పిసినారి: రెండు ఒంటి పడవల్లో పట్టినన్ని నీళ్లు, బియ్యం ఇందులో పట్టవు. పైగా బోల్తా పడితే ఆదుకోవలసినవాడు కూడా నీళ్లలోనే ఉంటాడు. కవి దీన్ని చెప్పకపోవడం దోషమే.

'వీరలలిగినచో' అన్నచోట అమీర్‌పేట వ్యాఖ్యాతలు అనుభవంతో మాట్లాడతారు. గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ ఎవరి మంచం పక్కనుంటే వాడే చుక్కానిదారు. రెండోవాడు చలికి వణుకుతూ తాళం వేయాలి. పడవలో ముందువాడు తాళం తప్పితే వెనకవాడి తెడ్డు తగిలి టకటకమంటుంది. విదేశాల్లో జంట కయాక్‌ను విడాకుల పడవ అంటారంటే ఊరికే కాదు.

ఈ పద్యానికి లొంగనివాడు ఒకడున్నాడు. జర్మనీవాడైన ఆస్కార్ స్పెక్ 1932లో ఉల్మ్ దగ్గర డాన్యూబ్ నదిలో మడత కయాక్ దింపి, మన దేశపు తీరం కూడా చుట్టి, 1939లో ఆస్ట్రేలియా గడ్డ ముట్టాడు. ఇద్దరికి చేసిన పడవలో ఒక్కడే కూర్చున్నాడు. అలగడానికి రెండోవాడే లేడు. అప్పటికే యుద్ధం మొదలై ఉండటంతో శత్రుదేశీయుడని అక్కడ నిర్బంధించారు. అది పడవ తప్పు కాదు.

మిత్రులకు అమీర్‌పేట వ్యాఖ్యాతల సలహా కూడా మడత పడవే. హాస్టల్ మెట్ల మలుపు తిరగగలిగేది అదొక్కటే. పంజాగుట్టవారు ఇంకా ఒప్పుకోలేదు. మడిచాక ఆ సంచీలు మోసేదెవరో పద్యంలో లేదని వారి ఆక్షేపణ.