ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ వారికి ఒక కోత దరఖాస్తు

మహారాజశ్రీ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ పెద్దల సముఖమునకు,

అయ్యా,

హైదరాబాద్ నుంచి ఒక ఫుట్‌బాల్ పిచ్చివాడు నమస్కరించి రాసుకున్న ఉత్తరం ఇది. మీ పాయింట్ల కోత విధానం నాకు తెగ నచ్చింది. ఏ క్లబ్బయినా అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేటర్ చేతికి తాళాలిస్తే, మీరు ఠంచనుగా 12 పాయింట్లు కోసేస్తారు. నాలుగు గెలుపులు గాలికి! అప్పు చేసినవాడు బంతి తన్నడు, బంతి తన్నేవాడు అప్పు చేయలేదు. ఆ చిన్న తేడా మీ పట్టికలో ఎక్కడా కనిపించదు. ఇంత చక్కని విధానంలో ఒక్క లోటు మిగిలిపోయింది. దాన్ని పూరించమనే ఈ దరఖాస్తు.

షెఫీల్డ్ వెన్స్‌డే సంగతే చూడండి. థాయ్‌లాండ్ వ్యాపారి డెజ్‌ఫోన్ చాన్సిరి 2015లో కొన్న క్లబ్బు అది. 2025లో జీతాలు మళ్లీ మళ్లీ ఆలస్యమయ్యాయి. అక్టోబర్ 24న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. జీతం ఎప్పుడు పడుతుందో తెలియని కుర్రాళ్లు అప్పటికి ఎలాగోలా 6 పాయింట్లు కూడబెట్టారు. మీ కోతతో అవి మైనస్ 6 అయ్యాయి. చెల్లింపులు ఎగ్గొట్టినందుకు డిసెంబర్‌లో ఇంకో 6 కోశారు. యజమానికీ శిక్ష వేశారు లెండి, కాదనను. మూడేళ్లపాటు మీ లీగులో మరో క్లబ్బు కొనకూడదన్నారు. చేతులెత్తేసి పోతున్నవాణ్ణి ఇంకోటి కొనొద్దని కట్టడి చేయడం ఎంత కఠినం! ఇక అభిమానుల నేరం వినండి. యజమాని మీద కోపంతో ఆట చూడటానికి రావడం మానేసినవాళ్లే, అతని పెత్తనం పోగానే క్లబ్బు షాపు ముందు క్యూ కట్టి చొక్కాలు కొన్నారు. క్లబ్బుకు ఊపిరి పోసిందీ వాళ్లే, పాయింట్లు పోగొట్టుకున్నదీ వాళ్లే.

ఈ చాన్సిరి గారిదే పాత కథ ఒకటి ఉంది. క్లబ్బులు ఇంతకు మించి నష్టపోకూడదని మీరు హద్దు పెట్టారు. ఆయన హిల్స్‌బరో స్టేడియాన్ని సుమారు 6 కోట్ల పౌండ్లకు తన సొంత కంపెనీకే అమ్మి, ఆ లాభాన్ని క్లబ్బు పద్దులో చూపించాడు. కుడిజేబులో డబ్బు ఎడమజేబులో వేసుకుని సంపాదించానన్నట్టు. తీరా శిక్ష పడింది అమ్మినందుకు కాదు, లాభాన్ని వేరే ఏడాది పద్దులో రాసినందుకు! మొదట 12 కోశారు, అప్పీల్లో 6 చేశారు. ఆ 2020-21 సీజన్ చివర్లో వెన్స్‌డేకు మిగిలినవి 41 పాయింట్లు. అట్టడుగున పడి మూడో అంచెకు దిగిపోయింది. ఆ 6 ఉంటే 47తో గట్టెక్కేది.

ఆఖరి రోజున వెన్స్‌డేతో 3-3 డ్రా చేసుకుని, 44 పాయింట్లతో బతికి బయటపడింది ఎవరంటారు? డర్బీ కౌంటీ. దాని యజమాని కూడా స్టేడియాన్ని తన కంపెనీకే అమ్మినవాడు. డర్బీ పద్దుల తప్పులకు మీరు కోసిన 9 పాయింట్లు ఎప్పుడు అమలయ్యాయి? 2021 నవంబర్‌లో, అంటే తర్వాతి సీజన్‌లో. ఈలోగా 43 పాయింట్లు తెచ్చుకున్న వికమ్ వాండరర్స్ ఒకే ఒక్క పాయింటు తేడాతో దిగిపోయింది. వాళ్లు చేసిన తప్పు ఏమిటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. డర్బీకి ఆ 9, అడ్మినిస్ట్రేషన్‌కు 12, వెరసి 21 కోత. మేనేజర్ వేన్ రూనీ కుర్రాళ్లు మైదానంలో 55 పాయింట్లు సంపాదిస్తే చేతికొచ్చినవి 34. వాళ్లూ దిగిపోయారు.

కోత అసలు వద్దని నేననడం లేదు. 2002లో లెస్టర్ సిటీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లి, అప్పులు మాఫీ చేయించుకుని, అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. బాకీలు బుద్ధిగా కట్టుకున్న క్లబ్బులకు కడుపు మండింది. మీ నిబంధన పుట్టింది అందుకే. న్యాయమే. కానీ గుమ్మం దగ్గర నిలబడి యజమానులను లోపలికి పంపేది ఎవరు?

మీరే. ఓనర్స్ అండ్ డైరెక్టర్స్ టెస్ట్ అని ఒకటి పెట్టారు. విగన్ అథ్లెటిక్ కొత్త యజమాని ఆ పరీక్ష గట్టెక్కి 2020 జూన్‌లో వచ్చాడు. జూలై 1న క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లో ఉంది. నెల తిరగలేదు! అదే నెలలో హల్ సిటీని 8-0తో చితక్కొట్టిన జట్టు 12 పాయింట్ల కోతతో కింది అంచెకు పోయింది. ఇక 1885లో పుట్టి, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన బరీ క్లబ్బును 2018 డిసెంబర్‌లో ఒక పెద్దమనిషి ఒక్క పౌండుకు కొన్నాడు. 2019 ఆగస్టుకల్లా బరీని మీరు లీగ్ నుంచే గెంటేశారు.

మావాళ్లను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. హైదరాబాద్‌లో మొదలై పుణెలో స్థిరపడిన వెంకీస్ కోళ్ల కంపెనీ వాళ్లు 2010లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నారు. అప్పటి పరీక్ష ప్రీమియర్ లీగ్ వారిది, మీది కాదు. వీళ్లు డబ్బు పోస్తూనే వచ్చారు. అయినా 2012లో జట్టు దిగిపోతుంటే అభిమానులు మైదానంలోకి కోడిని వదిలారు. 2017లో మూడో అంచెకూ పడింది. దమ్మిడీ ఉందా అని అడిగే పరీక్ష, ఆట తెలుసా అని అడగదు మరి.

ఇంగ్లండ్ గొడవ నీకెందుకయ్యా అంటారేమో. 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు గెలిచింది మా హైదరాబాద్ ఎఫ్‌సీ. తర్వాత జీతాల బకాయిలు, ఆటగాళ్ల వలస. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. మీ దగ్గర పాయింట్లు పోతాయి, మా దగ్గర జట్టే పోయింది. యజమాని తప్పుకు ఊరు మూల్యం చెల్లించడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి నా మనవి. మీ పరీక్షలో పాసైనవాడు క్లబ్బును ముంచితే, ఆ క్లబ్బుకు కోసినన్ని పాయింట్లు మీ కార్యాలయానికీ కోయండి. మీకు పట్టిక లేదంటారా? జీతాలున్నాయిగా, ఒక్కో పాయింటుకు నూటికి ఒకటి చొప్పున కోయండి. ఆ డబ్బు క్లబ్బుకు మాంసం ఇచ్చినవాడికీ, బట్టలుతికినవాడికీ ఇప్పించండి. క్లబ్బు కూలితే ఆటగాళ్లకూ, తోటి క్లబ్బులకూ బాకీ మొత్తం అందాలని మీ నిబంధనే చెబుతుంది. మిగతావాళ్లు మాత్రం పౌండుకు పాతిక పెన్నీలు ముట్టినా మహాభాగ్యం అనుకోవాలి.

త్వరపడమని ప్రార్థన. 2025 జూలైలో బ్రిటన్ చేసిన చట్టం యజమానుల పరీక్షను కొత్త స్వతంత్ర రెగ్యులేటర్ చేతిలో పెట్టింది. తర్వాత ఆ పని మాది కాదని మీరు తప్పించుకోగలరు. అందుకని ఈ ఉత్తర్వును బరీ నాటి నుంచీ వర్తించేలా జారీ చేయండి. పాత తప్పులకు కొత్త సీజన్‌లో కోయడం మీకు అలవాటున్న పనే.

ఇట్లు,
జట్టు ఢిల్లీకి వెళ్లిపోయిన ఒక హైదరాబాద్ అభిమాని

ప్రతి: ఇండిపెండెంట్ ఫుట్‌బాల్ రెగ్యులేటర్ వారికి, తగు జాగ్రత్త నిమిత్తం.