పాల లెక్క అనుకున్నాను

ఆ క్యాలెండరును నేను ఏడాది పొడుగునా చూశాను. కవిటి మండలంలో ఒక ఊరు, వీధి చివర పెంకుటిల్లు. అరుగు మీద కూర్చుంటే తలుపు పక్కన గోడకు ఎదురుగానే కనిపించేది. కొన్ని తేదీల చుట్టూ నీలం పెన్నుతో సున్నాలు, కొన్నిటి మీద ఇంటూ గుర్తులు. మా అమ్మ కూడా పాలవాడు వచ్చిన రోజు, రాని రోజు అలాగే గుర్తు పెట్టుకునేది. ఇదీ పాల లెక్కే అనుకున్నాను. ఆ ఇంట్లో రోజూ పాలు పోయించుకునే స్థితి ఉందా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నేను ఆ ఇంటికి వెళుతున్నది ఊరి అవసరాలు తెలుసుకోవడానికి.

ఇది 2017 సంగతి. ఉద్దానంలో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు అప్పుడు నేను కార్యదర్శిని. ఉద్దానమంటే శ్రీకాకుళం జిల్లా తీరం వెంబడి ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు పరుచుకున్న కొబ్బరి, జీడి తోటల నేల. చూడ్డానికి ఎంత పచ్చగా ఉంటుందో, ఇళ్లలోకి వెళితే అంత దిగులు. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతాయి. కారణం నీళ్లన్నారు, ఎండలో చేసే పని అన్నారు, ఒళ్లునొప్పులకు మింగే మాత్రలన్నారు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా ఇదీ అని తేలలేదు. మా దగ్గర క్రియాటినిన్ అన్నది డాక్టర్ల మాటగా మిగల్లేదు. టీ కొట్టు దగ్గర ఒకరు ‘నీకెంత?’ అంటే ఇంకొకరు ‘ఆరు దాటింది’ అంటారు. ఒకటికి కాస్త అటూ ఇటూగా ఉండాల్సిన అంకె అది.

అందరి అనుమానమూ ముందు నీళ్ల మీదికే పోతుంది. ఆ ఫిబ్రవరిలో ఒక కంపెనీవాళ్లు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. వాళ్లకు మార్చి 31లోగా బిల్లులు కావాలి. ఆర్వో ప్లాంటు ఇస్తామన్నారు. ఈ ఊరికి కావలసింది సరిగ్గా అదేనన్నాను. ఊరిని అడగకుండానే అన్నాను.

నెల తిరక్కుండా భాగస్వాములను కూడగట్టాను. కంపెనీ, యంత్రం అమ్మే సంస్థ, ఒక కాలేజీ, ఒక డాక్టర్ల సంఘం, మేము. ఐదు సంతకాల ఒప్పందం, బోర్డు మీద ఐదు గుర్తులు. ఊరి పేరు బోర్డు మీద ఉంది గానీ ఊరివాళ్లు ఆ కాగితం మీద ఎక్కడా లేరు. రాజకీయాల జోలికి ఎందుకులే అని పంచాయతీ గడప తొక్కలేదు. 73వ రాజ్యాంగ సవరణ తాగునీటిని పంచాయతీల అంశాల్లో చేర్చిందని తెలియక కాదు, శిక్షణ తరగతుల్లో ఆ పాఠం చెప్పినవాణ్ణే. పొదుపు సంఘాల ఆడవాళ్లకు కబురు పెట్టాను, ప్రారంభోత్సవానికి జనం కావాలి కాబట్టి. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ప్రారంభించిన ఎనిమిది నెలలకు ప్లాంటు ఆగిపోయింది. నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పూడుకుపోయింది, కరెంటు బిల్లు పేరుకుపోయింది. మిగతా నలుగురికీ ఫోన్లు చేశాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఎవరూ మాట తప్పలేదు కూడా, ఎందుకంటే మెంబ్రేన్ ఎవరు మార్చాలి, బిల్లు ఎవరు కట్టాలి అన్నది ఒప్పందంలో లేనే లేదు. ఆ ఒప్పందం రాసింది నేను.

ఊరికి సంజాయిషీ చెప్పుకోవాలని 2018 జనవరిలో మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఆ ఇంటావిడ కొత్త క్యాలెండరు తగిలిస్తోంది. పాతదాన్ని చుట్టి జాగ్రత్తగా దూలం సందులో పెట్టబోతుంటే, “పాల లెక్క తేలలేదా అమ్మా?” అన్నాను.

“పాలేటి బాబూ! మా ఇంటాయన డయాలసిస్‌కెల్లిన రోజులు” అంది.

సున్నా అంటే ఆసుపత్రికి వెళ్లిన రోజు. ఇంటూ అంటే వెళ్లలేకపోయిన రోజు. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. ప్రభుత్వ ఆసుపత్రిలో డయాలసిస్‌కు డబ్బు కట్టక్కర్లేదు. అక్కడికి వెళ్లి రావడానికి కట్టాలి. ఆయనకు పొద్దున్నే మొదటి షిఫ్టు, ఆ వేళకు బస్సు లేదు. ఆటో మొత్తం మాట్లాడుకోవాలి, తోడు వెళ్లినవాళ్ల కూలి పోతుంది. “డబ్బులుంటే ఆటో దొరకదు, ఆటో దొరికితే డబ్బులుండవు” అంది. వెళ్లని రోజు ఒంట్లో నీరు చేరుతుంది, కాళ్లు ఉబ్బుతాయి, రాత్రి పడుకుంటే ఊపిరాడదు. ఆ ఇంట్లో మంచం మీద మూడు తలగడలు ఎందుకున్నాయో నాకు అప్పుడు అర్థమైంది. అవి కూడా నేను ఏడాదిగా చూస్తున్నవే.

క్యాలెండరు విప్పి పన్నెండు కాగితాలూ తిప్పాను. ఇంటూలు 19.

మర్నాడు ఆ ఊరి ఆశా కార్యకర్త దగ్గర కూర్చున్నాను. నేను సర్వే ఫారాలు అచ్చువేయించి మరీ కనుక్కోలేకపోయింది ఆమె నోటి లెక్కతో చెప్పేసింది. ఆ దారి వెంట నాలుగు ఊళ్లలో తొమ్మిది మంది డయాలసిస్‌కు వెళుతున్నారు, తలో రోజు, తలో షిఫ్టు. ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళితే డయాలసిస్ టెక్నీషియన్ రిజిస్టరు ముందేసుకుని మాతో గంట కూర్చున్నాడు. ఒకే దారిలో వచ్చేవాళ్లను వీలైనంత వరకు ఒకే షిఫ్టులోకి మార్చాడు. దానికి పైసా ఖర్చు కాలేదు. ఆటో స్టాండులో మాట్లాడితే, ట్రిప్పుకు ఇంత అని కాకుండా నెలకు ఇంత అని తీసుకుంటామని డ్రైవర్లే అన్నారు, వంతులు వాళ్లే వేసుకున్నారు. డబ్బులు పోగుచేసి నెలనెలా వాళ్లకు ఇచ్చే లెక్క పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం ఆడవాళ్లు చూసుకుంటామన్నారు. ఇవ్వలేని ఇద్దరి వంతు పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి కడతానన్నాడు, పేరు ఎక్కడా రాయొద్దన్న షరతు మీద. ప్లాంటును కూడా చివరికి ఆ ఆడవాళ్లే మళ్లీ నడిపించారు. కరెంటు బిల్లు పంచాయతీ పెట్టుకుంది, టిన్నుకు రెండు రూపాయలు తీసుకుని మెంబ్రేన్‌కు కూడబెట్టారు. వీటన్నిటికీ ఉన్న రాతపూర్వక ఆధారం గ్రామ సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక్క తీర్మానం, కింద ఆడవాళ్ల సంతకాలు, కొన్ని వేలిముద్రలు.

ఆ ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు వేర్లతో సహా రోడ్ల మీద పడ్డాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేను పలాసలో చిక్కుకుపోయాను. అడ్డాలు దాటుకుంటూ ఊరు చేరేసరికి డ్రైవర్లు, కుర్రాళ్లు కలిసి గొడ్డళ్లతో దారి చేసి మనుషులను ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. నా సంస్థ అవసరం వాళ్లకు రాలేదు. ఆ రోజు పడ్డ సంతోషం నాకు ఏ ప్రారంభోత్సవంలోనూ కలగలేదు.

తర్వాత పెద్ద పనులు జరిగాయి. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10 వేల రూపాయలైంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, 700 కోట్ల రూపాయలతో హిరమండలం నుంచి వంశధార నీళ్లు వచ్చాయి. ఇవి ప్రభుత్వం మాత్రమే చేయగలిగినవి. కానీ గడప నుంచి ఆసుపత్రి మంచం దాకా ఉన్న దూరం ఎవరి పద్దులోనూ ఉండదు. మాలాంటి సంస్థల చోటు అక్కడ. నేను దాన్ని వదిలేసి బోర్డు దగ్గర నిలబడ్డాను.

హైదరాబాదులో, ముంబైలో, ఓడల మీద పనిచేస్తున్న మా ఉద్దానం పిల్లలు ఊరికి ఏదైనా చేద్దామని అడుగుతుంటారు. తప్పక చేయండి. డబ్బు పంపే ముందు ఒక్కసారి వచ్చి గ్రామ సంఘం సమావేశంలో కూర్చోండి, ఆశా కార్యకర్త వెంట నాలుగిళ్లు తిరగండి. గోడ మీద ఏముందో అడగండి.

ఆ ఇంటాయన 2019 వేసవిలో పోయారు. పాత క్యాలెండరును ఆవిడ నాకిచ్చింది. దాన్ని నా డైరీతో సరిచూశాను. ఆ 19 ఇంటూల్లో రెండు, నేను ఆ అరుగు మీద కూర్చుని, వాళ్లిచ్చిన కొబ్బరి బొండం తాగి, ప్లాంటు గురించి మాట్లాడి వచ్చిన రోజులు. ఆ రెండు రోజులూ మా సంస్థ జీపు వాళ్ల వాకిట్లోనే ఉంది.