చెయ్యెత్తినవాడల్లా కర్ణుడే

బెంగళూరులో పేదరికం మీద జాలి కలగాలంటే కొన్ని ఏర్పాట్లు కావాలి. శనివారం రాత్రి, ఐదు నక్షత్రాల హోటలు, గుండ్రటి టేబుళ్లు, వాటి మీద తెల్ల గుడ్డలు, వేదిక మీద గోడంత ఎల్‌ఈడీ తెర. ఇవన్నీ అమిరాక, రెండు రకాల సూపు గొంతు దిగాక, పిల్లల ఆకలి గురించి మాట్లాడవచ్చు. అంతకుముందు మాట్లాడితే ఎవరికీ వినపడదు.

‘గాలా’ అనే ఈ విరాళాల విందులో అసలు ఘట్టం లైవ్ అప్పీల్. అదొక విద్య అని చెప్పే ఆచార్యులు కూడా ఉన్నారు. వాళ్ల మొదటి సూత్రం: వేలం పాట కింది నుంచి పైకి వెళ్తుంది, దానం పాట పైనుంచి కిందికి రావాలి. అందుకే యాంకర్ నేరుగా పాతిక లక్షల దగ్గర మొదలుపెడతాడు. హాలంతా ఊపిరి బిగపడుతుంది. ముందు వరసలో ఒక పెద్దమనిషి, అప్పుడే మనసు కరిగినట్టు, నంబరు అట్ట పైకెత్తుతాడు. ఆయన మనసు కరిగింది మంగళవారం, ఫోన్లో. శనివారం నాటిది పునఃప్రదర్శన. అక్కడి నుంచి పది లక్షలు, ఐదు, లక్ష, పాతికవేలు అంటూ దిగి అయిదువేల దగ్గరకు వచ్చేసరికి అందరి చేతులూ గాల్లోనే ఉంటాయి. ఉండక ఏం చేస్తాయి? టేబుల్ కొన్నది కంపెనీ. పక్క కుర్చీలో బాసు. ఎత్తని చెయ్యి ఎవరిదో ఆయనకు కనపడుతూనే ఉంటుంది. దీన్నే నిపుణులు ‘హాల్లో పొంగిన ఉదారత’ అంటారు.

అప్పీలుకు ముందు దీపాలు తగ్గిస్తారు, వీడియో వేస్తారు. రేకుల ఇల్లు, దగ్గే అమ్మ, ఒక పాప చెప్పుల్లేని కాళ్లు, వెనక వయొలిన్. వీడియో అయ్యాక అదే పాప నిజంగానే వేదిక ఎక్కుతుంది, కొత్త గౌనులో. తన తండ్రి తాగి కొట్టేవాడన్న సంగతిని మూడు వందల మంది అపరిచితుల ముందు, ఎవరో రాసిచ్చిన ఇంగ్లిషులో అప్పజెబుతుంది. చప్పట్లు. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, గుర్తుపట్టే వివరాలు మీడియాలో బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది; మీరితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలాంటి పాపల్లో ఎంతమంది ఆ నిర్వచనంలోకి వస్తారో లాయర్లు తేల్చుకుంటారు. ఆ టేబుళ్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా తమ ఇంటి గుట్టు తమ కూతురి చేత మైకులో చెప్పిస్తారా? ఫీజు కట్టలేకపోయిన తండ్రి అంటే కథ. ఈఎంఐ కట్టలేకపోయిన వైస్ ప్రెసిడెంట్ అంటే వ్యక్తిగత విషయం.

పదిమందిలో ఇవ్వడం తప్పని నేననను. అంటే మనవాళ్లే నవ్వుతారు. మన పెళ్లిళ్లలో చదివింపులు జరిగేది మైకులోనే కదా: ‘పెళ్లికూతురి మేనమామగారు వెయ్యి నూటపదహార్లు!’ బావగారికి పోటీ, పెదనాన్నకు మంట. కాకపోతే అక్కడ డబ్బు ముందు చేతిలో పడుతుంది, పుస్తకంలో పద్దు ఎక్కుతుంది, ఆ తర్వాతే పేరు మైకులోకి వెళ్తుంది. బెంగళూరు హాల్లో పేరు ముందు, చప్పట్లు తర్వాత, డబ్బు దైవాధీనం.

గాంధీగారు మాత్రం తక్కువవారా? 1921లో బెజవాడలో ఏఐసీసీ సమావేశమై తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కావాలంది, జూన్ 30 గడువు పెట్టింది. ఆయన వెళ్లిన చోటల్లా ఆడవాళ్ల గాజులు చేతులు దిగేవి. 1933-34 హరిజన యాత్రలో తనకిచ్చిన సన్మాన పత్రాలను ఆ వేదిక మీదే వేలం వేసేవారు, సంతకానికి అయిదు రూపాయలు పుచ్చుకునేవారు. ఇంతటి మొహమాటం లేని యాంకర్ ఈ దేశంలో మళ్లీ పుట్టలేదు. కానీ గాజు అక్కడికక్కడే చేతిలో పడేది, పైసా పైసాకీ లెక్క ఉండాలని ఆయన పట్టు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగినప్పుడూ జనం నోటు వేశారు గాని హామీ వేయలేదు.

కర్ణుడి గురించి మన ముసలమ్మలు చెప్పే కథ ఉంది. నూనె రాసుకుంటున్నవాడు ఎదుటివాడు అడిగిందే తడవుగా గిన్నెను ఎడంచేత్తోనే ఇచ్చేశాడట. కుడిచేతికి మార్చుకునేలోపు మనసు మారితేనో అని భయం. మన గాలా కర్ణులకు చెయ్యెత్తడానికీ జేబులో పెట్టడానికీ మధ్య ఒక ఆర్థిక సంవత్సరం పడుతుంది. సోమవారం నుంచి విందు పెట్టిన సంస్థలో ఇరవై రెండేళ్ల కుర్రది ఫోన్లు మొదలుపెడుతుంది. ‘ఫైనాన్స్ వాళ్లకు మెయిల్ పెట్టమ్మా.’ ‘యూపీఐ లక్ష దాటి పోవట్లేదు.’ ‘80జీ వస్తుందా? అయ్యో, నేను కొత్త పన్ను విధానంలోకి మారిపోయానే!’ ఆ విధానంలో విరాళాలకిచ్చే 80జీ మినహాయింపు లేదు; ఆ సంగతి చెయ్యెత్తిన రాత్రి ఎవరికీ గుర్తురాదు, చెక్కు రాసే పొద్దున అందరికీ గుర్తొస్తుంది.

ఇక కంపెనీల దాతృత్వం. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. క్రితం ఆర్థిక సంవత్సరంలో అయిదు కోట్ల నికర లాభమో, వెయ్యి కోట్ల టర్నోవరో, అయిదు వందల కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టి తీరాలి. అంటే చట్టం మెడ మీద కూర్చుని ఇప్పిస్తున్న సొమ్ముకు హాలు హాలంతా లేచి నిలబడుతుంది. ఆస్తి పన్ను కట్టి వచ్చినవాడికి మన నగరపాలికలో ఎవరైనా లేచి నిలబడ్డారా?

ఏ చట్టమూ అడగకుండానే, ఇదే ఊళ్లో ఒకప్పుడు గుబ్బి తోటదప్ప రైల్వే స్టేషన్ ఎదుట సత్రం కట్టించాడు. తమలపాకుల వ్యాపారి ఎలె మల్లప్ప శెట్టి సొంత డబ్బుతో కేఆర్ పురం దగ్గర చెరువు తవ్వించాడు. ఆ చెరువులోకి ఇప్పుడు మురుగు చేరుతోంది గనక, దాన్ని బాగుచేయడానికి ఏదో ఒకనాడు ఒక గాలా జరగకపోదు. మెనూలో చేపలు ఉంటాయి.

ఇవన్నీ పక్కనపెడితే, వచ్చినంత డబ్బు వస్తుంది, దాంతో కొందరు పిల్లలు నిజంగానే చదువుకుంటారు. కాదనను. నా తగువంతా తెర మీది అంకెతో. ఆ రాత్రి తెర మీద మెరిసిన మొత్తమే వార్షిక నివేదికలోకి ఎక్కుతుంది, మరుసటి ఏడు ఆహ్వానపత్రం మీదికీ ఎక్కుతుంది. అందులో బ్యాంకుకు చేరిందెంత, హోటల్ బిల్లు పోగా మిగిలిందెంత అని అడిగే అతిథిని నేనింతవరకు చూడలేదు. ఇంకా కట్టని దాతలకు కూడా ఆహ్వానం వెళ్తుంది, ముందు వరస టేబులే ఇస్తారు. పాత బాకీ ఊసు మాత్రం ఎత్తరు. ఎత్తితే ఈ ఏడు టేబుల్ అమ్ముడుపోదు.