తాలూకా తాతగారి ప్రింట్-సర్కిల్

గజపతినగరం స్టేషన్లో రైలు దిగి రోడ్డెక్కేలోగా తాలూకా తాతగారు తగలకపోతే మీరు అదృష్టవంతులన్నా కావాలి, ఈ చుట్టుపక్కల చుట్టమే లేనివారన్నా కావాలి. ఈ రెండోరకం మనిషి ఉంటాడని ఆయన ఇంతవరకూ ఒప్పుకోలేదు.

"ఎవుల తాలూకా, బాబూ?"

బొండపల్లి అన్నారో, చేతిలో టీ చల్లారిపోయినట్టే.

"బొండపల్లి బావ తెల్దేటి? సొంత అక్క కూతుర్నే సేసుకున్నాడు. అంటే అక్కే అత్త. ఆ అక్క ఎవులు? బొండపల్లి బావ అక్క. బొండపల్లి బావ ఎవులు? అక్క కూతుర్ని సేసుకున్నోడు..."

టీకొట్టు షట్టరు దించితే ఆగుతుంది. మర్నాడు షట్టరు లేచేసరికి మళ్లీ అక్కడే అందుకుంటుంది.

హైదరాబాదులో ప్రోగ్రాములు రాసుకునే మనవడు సెలవుకొచ్చి ఈ జబ్బు తన కంప్యూటర్లకీ ఉన్నదేనని కనిపెట్టాడు. 1958లో జాన్ మెకార్తీ మొదలెట్టిన లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో జాబితాలదే రాజ్యం. ఒక్కో గడిలో ఒక సరుకు, పక్కగడి ఎక్కడుందో చెప్పే ఆచూకీ. ఆఖరిగడి ఆచూకీని మొదటిగడి మీదికి తిప్పారా, మేనరికం కుదిరిందన్నమాటే. ఇక అచ్చు వెయ్యమంటే మెషిను బావ, అక్క, బావ, అక్క అంటూ మనం పీక నొక్కేదాకా ఆగదు. ఆ భాషలో ఓ రకమైన కామన్ లిస్ప్‌లో దీనికి విరుగుడు ప్రింట్-సర్కిల్ అనే సెట్టింగు. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే అచ్చుకి ముందే జాబితా అంతా ఓసారి తిరిగి ఎవరు రెండోసారి తగిలారో చూసుకురావాలి, ఆ శ్రమ ఊరికే రాదు కదా. అప్పుడు తెరమీద ఇలా పడుతుంది:

#1=(బావ అక్క . #1#)

"మొదటిసారి నంబరు తగిలించు తాతా. మళ్లీ ఎదురైతే నంబరు చెప్పి ఊరుకో."

తాతగారికి తెగ నచ్చేసింది. చిక్కల్లా, ఆ సెట్టింగు తిరిగి తిరిగి వచ్చేవాటికే కాదు, రెండుచోట్ల కనిపించే జాబితాలకీ నంబరిస్తుంది. మా వైపు రెండుచోట్ల కనిపించని చుట్టం ఎవరు? పెళ్లిపందిట్లో "ఈవిడ ఏడో నంబరు కూతురు, మూడో నంబరు కోడలు" అని పరిచయాలు మొదలయ్యాయి. పైగా ఆ నంబర్లు ఆ ఒక్క అచ్చుకే. మళ్లీ వేస్తే మళ్లీ ఒకటి నుంచి. నిన్నటి ఒకటో నంబరు మెంటాడ మావయ్య ఇవాళ నాలుగో నంబరని విని, విస్తరి ముందునుంచి లేచి బస్సెక్కేశాడు.

మనవడు కంగారుపడి ప్రింట్-లెంగ్త్ బయటికి తీశాడు. మూడు అని పెడితే ముగ్గురి పేర్లు పడతాయి, మిగతావాళ్లందరికీ కలిపి మూడు చుక్కలు.

తాతగారు కళ్లజోడు తీసి వాణ్ని ఎగాదిగా చూశారు.

"సుక్కలేట్రా? ఆ సుక్కల్లోనే నీకు పిల్లనిచ్చే మేనమావున్నాడు. ఆడికి తెలిత్తే సమ్మందం నిలబడతాదేట్రా?"