బీరువా మీద జపాను

మా జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసుకు శుభ్రత పట్టింది. 2014లో స్వచ్ఛభారత్ మొదలైనప్పటి నుంచి ఏటా అక్టోబరు 2కి అటూ ఇటూగా ఈ జ్వరం రావడం మామూలే. ఈసారి మందు జపాను నుంచి తెప్పించారు. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే అని అయిదు ‘ఎస్’ మాటలున్న రంగుల పోస్టరు బీరువాకు అతికించారు. అక్కర్లేనిది తీసెయ్, ఉన్నది దాని చోట పెట్టు, తుడువు, అందరూ ఒకే పద్ధతిగా చెయ్యండి, రోజూ మానకండి అని భావం. ఆ రోజు నుంచి బీరువా తెరుచుకోలేదు. రెండు తలుపులకూ కలిపి అంటించారు మరి.

నిజానికి మన గుమాస్తాలకు జపాను కొత్తగా నేర్పేదేమీ లేదు. మద్రాసు రాజధాని నాటి టాటెన్‌హామ్ ఆఫీసు పద్ధతిని డిపార్ట్‌మెంటు పరీక్షలకు బట్టీ పట్టినవాళ్లే వీళ్లంతా. తపాలు రాగానే కరెంటు నంబరు, పర్సనల్ రిజిస్టర్లో ఎంట్రీ. పని ముగిశాక ఆ ఫైలు ఎల్.డిస్ (డిస్ అంటే డిస్పోజల్) అయితే ఏడాది, కె.డిస్ అయితే మూడేళ్లు, డి.డిస్ అయితే పదేళ్లు ఉంచి తీసెయ్యాలి. ఆర్.డిస్ ఒక్కటే శాశ్వతం. జపాను వాడి మొదటి ఎస్ ఇదే కదా! చిక్కల్లా తీసెయ్యమని సంతకం పెట్టే చేతి దగ్గరుంది. తీసేసిన మర్నాడే ఆడిట్ వాళ్లు అడిగితే? కాయితం దాచినందుకు సస్పెండయిన గుమాస్తా గురించి నేనైతే వినలేదు. అందుకే టీ బిల్లు కూడా శాశ్వతమే.

ఆ మూలనున్న కుర్చీని చూడండి. మూడు కాళ్లు, వీపు మీద తెల్ల పెయింటుతో స్టాకు నంబరు. నాలుగో కాలు సూపరింటెండెంటు గారి సొరుగులో చీటీ కట్టి భద్రంగా ఉంది. పారెయ్యాలంటే కండెమ్ చెయ్యాలి, కమిటీ వెయ్యాలి, వేలం పిలవాలి. కమిటీ కూర్చోవడానికి కుర్చీల్లేవు.

జపాను వాడి మరో మందు క్వాలిటీ సర్కిళ్లు. అవి మన దేశంలో 1980లో మొదలైంది మన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే. పని చేసేవాడే కూర్చుని తన పని ఎక్కడ చెడుతోందో చెప్పడం అందులో కిటుకు. ఇక్కడ అటెండరును అడిగినవాడు లేడు. ఏ కట్ట ఎక్కడుందో తెలిసింది ఆయనొక్కడికే, ఆయన రిటైర్మెంటు మార్చిలో.

ఇక ఫొటోలు. ‘ముందు’ ఫొటో బాగా వచ్చింది, దానికి ఏర్పాట్లు అక్కర్లేదు కదా. ‘తర్వాత’ ఫొటో కోసం కట్టలన్నీ ఆడవాళ్ల మరుగుదొడ్లో పేర్చి తాళం వేశారు. ఆడ ఉద్యోగులు పక్క ఆఫీసుకు వెళ్తున్నారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో 2021 నుంచి అక్టోబరు అక్టోబరుకూ ఎన్ని చదరపు అడుగులు ఖాళీ అయ్యాయో, తుక్కు అమ్మితే ఎంతొచ్చిందో లెక్క చెప్తున్నారు. మంచిదే. మా ఆఫీసు వాళ్లూ చదరపు అడుగులు కొలిచి పంపారు, మరుగుదొడ్డిని మినహాయించి.

అర్జీదారులకో మనవి. అర్జీ ఇచ్చినప్పుడు తపాలు సెక్షన్లో ముద్ర వేయించుకున్న నకలు అడిగి తీసుకోండి, దాన్ని మీ ఇంట్లోనే దాచుకోండి. అక్టోబరులో మాత్రం కొత్త అర్జీలు ఇవ్వకండి, అవి తాళం పడ్డ గదిలోకి పోతాయి.