నలగని రూపాయి భక్తులు

మా హోసూరు పాతనోట్ల ఆసాములది ఒకటే శాస్త్రం: నోటు ఎంత పనీపాటా లేకుండా బతికితే అంత గొప్పది. మడత పడిందా, ధర పడింది. పిన్ను గుచ్చిన కన్నం కనిపించిందా, పెదవి విరిచేస్తారు.

వీళ్ల ఇలవేల్పు 1917 నవంబరు 30న వచ్చిన రూపాయి కాగితం. ఐదో జార్జి బొమ్మ, ఎం.ఎం.ఎస్. గబ్బే సంతకం. దాని వెనకే వచ్చిన రెండు రూపాయల ఎనిమిదణాల నోటైతే సాక్షాత్తూ మూలవిరాట్టు. మద్రాసు సర్కిల్‌ది కావాలి, అంటే ‘ఎం’ అక్షరం ఉండాలి. కాన్పూరు ‘ఏ’ నుంచి రంగూను ‘ఆర్’ దాకా ఏడక్షరాలూ సంపాదించినవాడికి మోక్షమే.

“చరిత్రను కాపాడుతున్నాం” అంటారు. ఏ చరిత్రండీ? మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై, నాణెం కొట్టలేక సర్కారు జనం చేతిలో పెట్టిన కాగితం అది. జనం నమ్మలేదు, వెండి రూపాయే ఇమ్మన్నారు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన వెండి డాలర్లు కరిగించి దాదాపు 20 కోట్ల ఔన్సులు పంపితే గానీ ఖజానా పరువు దక్కలేదు. అచ్చు ఖర్చు గిట్టక 1926 జనవరి 1న సర్కారే ఆ చిన్ననోట్లకు దండం పెట్టేసింది. తెల్లదొరకే దండగైన సరుకును మనం వేలు పోసి కొంటున్నాం!

అప్పట్లో సేలం జిల్లాలో ఉన్న హోసూరు, కృష్ణగిరి సంతల్లో రాగులమ్మిన రైతు ఆ నోటును రొంటిన దోపుకుని ఉంటాడు. ఇల్లాలు కొంగున ముడేసి ఉంటుంది. చెమటకు తడిసి, నూనె చేతుల్లో నలిగి, చిరిగిపోయి ఉంటుంది. చరిత్రంటే ఆ మరకే కదా! దాన్ని ఆసామి వేలితో కూడా తాకడు. కట్ట విప్పకుండా, గుప్పెడు కందిపప్పు కూడా కొనకుండా పడి ఉన్న నోటే కావాలాయనకు. వెనకవైపున్న తెలుగు అక్షరాలు చూపించి మురిసిపోతాడు. మనవడి చేత చదివించమంటే మాట మారుస్తాడు.

ఇక వీళ్ల నీడన బతికే రెండోరకం వేరు. పాత నోటుంటే లక్షలిస్తామంటూ ఫోన్లకు బొమ్మలు పంపి, ముందుగా కమిషను, పన్ను కట్టమంటారు. తన పేరు వాడుకుని ఇలా దండుకుంటున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. అయినా అటకమీది ట్రంకుపెట్టెలు దులిపేవాళ్లు దులుపుతూనే ఉన్నారు. ఈ సంగతెత్తితే ఆసామి మండిపడతాడు. “ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలా? జనానికి పిచ్చా?” అంటాడు. ఆ వెంటనే, “ఇంతకీ ఆ పెట్టెల్లో గబ్బే సంతకం ఏమైనా తగిలిందా?”